కిటికీ పంపిన చప్పుడు

పాలు అయిపోయాయండీ, ఇప్పుడే వచ్చేస్తా, కూర్చోండి అని చెప్పి లిఫ్టు మెకానిక్కు బయటికి వెళ్ళిపోయాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి ఎవరైనా అలా వెళ్తారా అని ఆమె అనుకునేలోపే తలుపు దానంతట అది మూసుకుంది, గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. ఒక్కతేనా? ఆ మాట అనుకోగానే వీపు మీద ఏదో పాకినట్టైంది. ఎదురుగా మంచం, మంచం మీద మడత నలగని దుప్పటి, దిండు మాత్రం మధ్యలో కొంచెం గుంటపడి ఉంది, తల ఇప్పుడే ఎత్తినట్టు. ఆ దిండు ఆమెకు తెలుసు. దిండొక్కటే కాదు, కిటికీ అద్దానికి పైమూల పడిన చీలికా, దాని మీద అడ్డంగా అంటించిన టేపూ, కొక్కెం ఒకటి ఊడిపోయి ఒక పక్కకు జారిన తెరా, గోడ మీద చెమ్మ దిగి బాతు ఆకారంలో ఏర్పడిన మరకా, అన్నీ తెలుసు. ఈ గుమ్మం తొక్కడం ఇవాళే మొదలు, కానీ తన ఇంట్లో ఏ గోడకు ఎక్కడ పెచ్చు ఊడిందో చెప్పలేని మనిషి ఇక్కడ కళ్ళు మూసుకుని తిరగగలదు. తిరగగలదా? ఏదో తేడాగా ఉంది. బాతు మరీ కిందికి దిగిపోయింది, కిటికీ మరీ చిన్నదైపోయింది. బాగా వచ్చిన పద్యాన్ని ఎవరో తప్పుగా అప్పజెబుతున్నట్టు గదంతా కుదరకుండా ఉంది. ఎందుకో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తను నిలబడి చూస్తోంది. ఈ గదిని ఆమెకు చూపించిన కళ్ళు ఎప్పుడూ నిలబడి చూడలేదు.

మంచం అంచున కూర్చుంది. తప్పేమో అనిపించింది, అయినా కూర్చుంది. మెడ కొంచెం వంచింది, ఇంకొంచెం వంచింది, దిండుకు జానెడు ఎత్తులోకి తల వచ్చేసరికి కిటికీ పెద్దదై తన చోటికి తాను వచ్చింది, బాతు పైకి లేచి ఈదింది. ఇదీ. ఇలా పడుకుని ఫోన్ ఎత్తి పట్టుకునేదన్నమాట. ఇన్నేళ్ళూ ఆమె ఏమనుకుందంటే ఆ మనిషికి నేల మీద కూర్చోవడం ఇష్టమని. ఒక్కోసారి చిన్నపిల్లేమో అని కూడా అనుకుంది, లేకపోతే ప్రతి వస్తువూ అంత ఎత్తుగా, మీదికి వంగినట్టు ఎందుకుంటుంది? మంచం పట్టిన మనిషి అనే ఊహ ఒక్కసారైనా రాలేదు. రోజూ చూసింది, అదే చూడలేదు.

పేరు తెలియదు కాబట్టి కిటికీ అని పెట్టుకుంది. మొదటి ఫొటో కిటికీదే. వానపడుతున్నప్పుడు ఎవరి కిటికీ వాళ్ళు ఫొటో తీసి పెట్టుకునే ఒక జాగా ఉండేది ఫోనులో, ఎక్కడెక్కడివాళ్ళో పెట్టేవాళ్ళు, ఆమె కూడా ఒకసారి ఆఫీసు మేడ మీది అద్దం ఫొటో పెట్టింది. ఫ్రిజ్‌లు, బట్టలుతికే మిషన్లు చెడిపోయినవాళ్ళు ఫోన్ చేసి తిట్టే చోటు ఆమె ఆఫీసు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చెవికి హెడ్‌సెట్, నోటికి అదే వాక్యం, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. చింతించి చింతించి చింత అనే మాటలో పులుపు కూడా పోయింది. ఆ వాన రోజున ఎవరో ఆమెకు విడిగా ఒక ఫొటో పంపారు, చీలిన అద్దం, టేపు, టేపు కింద ఆగిపోయిన ఒక్క నీటిచుక్క. కింద మాట ఏమీ లేదు. ఎవరండీ మీరు అని అడగాలనుకుంది, అవతల ఫోనులో ఒక పెద్దాయన తన ఫ్రిజ్ రాత్రిళ్ళు మూలుగుతోందని చెబుతున్నాడు, వేళ్ళు మాట కట్టలేకపోయాయి, చెవికున్న హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి దాన్నే ఫొటో తీసి పంపేసింది. కాసేపటికి అటునుంచి ఒక చప్పుడు వచ్చింది. పిల్లలు వాయించుకునే బొమ్మ కీబోర్డు మీద నాలుగైదు స్వరాలు, మెట్లెక్కుతూ ఎక్కుతూ ఆఖరి మెట్టు ముందు ఆగిపోయినట్టు. ఆ ఆఖరి మెట్టు ఎక్కలేదే అన్న దిగులుతో ఆ రాత్రి అన్నం తింటూ ఆమే గొంతులో ఎక్కించుకుంది. అంతే. ఎవరూ పెట్టని నియమం తనంతట తాను ఏర్పడింది, మాట లేదు.

పిన్ని నవ్వేది. తల్లి పోయాక చేరదీసింది పిన్నే, పెళ్ళి చెడి తిరిగొస్తే పక్క వేసిందీ పిన్నే, అందుకని ఏమన్నా పడాలి. "పేరు తెలీదు, ఊరు తెలీదు, ఆడో మగో కూడా తెలీదు. గోడతో చెప్పుకున్నట్టు ఏం స్నేహమే తల్లీ అది!" అనేది. గోడే నయం పిన్నీ, ఎదురు ప్రశ్న వెయ్యదు అంటే, "అదుగో, నన్నే అంటున్నావు" అని మూతి ముడుచుకునేది. కానీ పిన్నికి కూడా అలవాటైపోయింది, సాయంత్రం ఆమె ఇంటికి రాగానే మీ కిటికీ ఇవాళ ఏం పంపింది అని అడిగేది, చూసి, దీనికి అర్థం ఏమిటి అనేది. అర్థం చెప్పమంటే కష్టం. బోర్లించిన గ్లాసు వస్తే ఇవాళ ఒంట్లో బాగా లేదని ఆమెకు తెలిసేది, ఎలా తెలిసిందంటే ఏం చెప్తుంది? ఎండ దుప్పటి మీద పడి కాళ్ళ దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా పాకిన ఫొటో వస్తే ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉందని తెలిసేది. మొగుడితో కాపురం చేసినన్నాళ్ళు మాటలతోనే బతికింది, మాటల్లో ఒక్కటైనా అంత సూటిగా తగిలిందా?

ఒక సెలవు రోజు గిన్నెలు తోముకుంటూ కూనిరాగం తీస్తుంటే ఎందుకో బుద్ధిపుట్టి తడి చేత్తోనే ఫోన్ నొక్కి అది పంపించింది. పాట కాదు, పదం లేదు, చిన్నప్పుడు అమ్మ జోకొట్టేటప్పుడు గొంతులో తిప్పే తీగ. జవాబుగా కిటికీ వచ్చింది, రెండు రెక్కలూ బార్లా తెరిచి, తెర గాలికి ఎగిరి పైకప్పును తాకుతూ. ఆ ఫొటో చూసి గిన్నెలు అలాగే వదిలేసి కూర్చుండిపోయింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం పని దిగేముందు ఆఫీసులో ఎవరూ వాడని వెనక మెట్ల మీద నిలబడి, అక్కడ గొంతు గుండ్రంగా తిరిగి వస్తుంది, కాసేపు కూనిరాగం తీసి పంపడం అలవాటైంది. అటువైపు ఎవరు వింటున్నారో తెలియకుండా ఎవరికోసం పాడినట్టు? తెలియకపోవడం వల్లే పాడగలిగింది. ఇప్పుడు ఈ మంచం అంచున కూర్చుని ఆ గొంతు ఈ గదిలో రోజూ మోగిందని అనుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. తను రాకముందే తన గొంతు ఇక్కడ కాపురం ఉంది. గోడలకు తెలుసు ఆమె.

మెడ వంచినచోటే ఉంచి తలుపు వైపు చూసింది. ఈ గది తలుపులోంచి ముందు గుమ్మం కనిపిస్తోంది, గుమ్మం పక్కన మూల. బూట్ల మూల. ఇప్పుడు ఖాళీగా ఉంది, వేసుకుని వెళ్ళాడు.

కూనిరాగాలు మొదలైన కొన్నాళ్ళకు ఆ బూట్లు వచ్చాయి. నల్లవి, బరువైనవి, ముందు ఇనప రేకు వేసినవి, గుమ్మం పక్కన ఒకదానికొకటి ఆనుకుని. దాంతోపాటు చప్పుడు ఒకటి. బల్ల మీద రెండు వేళ్ళతో కొట్టినట్టు టక్, టక్, టక్, ఆగి ఆగి, దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు మెల్లగా మొదలై గట్టిపడి. ఆ తర్వాత మర్నాటి దాకా ఏమీ ఉండేది కాదు. మళ్ళీ సాయంత్రం ఆమె రాగం పంపేది, మళ్ళీ బూట్లు, మళ్ళీ టక్ టక్. వరసగా. రోజూ. వాటికి అర్థం పిన్ని అడగలేదు, ఆమె చెప్పలేదు. పిన్నికీ తెలుసు కదా. మొగుడి చెప్పులు గుమ్మం దగ్గర ఎలా పడ్డాయో వినే ఆ సాయంత్రం ఎలాంటిదో లెక్క కట్టుకున్న ఆడదానికి బూట్ల ఫొటో ఒకరు చదివి చెప్పాలా? విసురుగా పడితే ఒక లెక్క, అది అరుపులతో పోతుంది. నెమ్మదిగా విడిచి, పక్కపక్కన సర్ది పెట్టిన రోజే భయం. ఆ రోజుల్లో ఆమె వంటింట్లో గరిట కూడా చప్పుడు కాకుండా పెట్టేది. ఈ నల్లబూట్లు ఎప్పుడూ సర్దే ఉండేవి. ఎవరివమ్మా అవి, నిన్నేం చేస్తాడు అని అడగడానికి మాటలు లేవు, మాట్లాడితే నియమం పోతుంది, నియమం పోతే మనిషి పోతుందేమో. అందుకని తన ఇంటి తలుపు బార్లా తీసి ఫొటో పంపింది. జవాబు రాలేదు. మర్నాడు అటక మీంచి పాత సూట్‌కేసు దించింది, ఒకనాడు మొగుడింట్లోంచి తనను బయటికి తెచ్చిన సూట్‌కేసు, దుమ్ము తుడిచి తెరిచిన తలుపు ముందు పెట్టి అదీ ఫొటో తీసి పంపింది. ఇంతకంటే విడమరిచి ఎలా చెప్పాలి? కొన్నాళ్ళు అటునుంచి పలుకే లేదు. ఆ తర్వాత ఒక ట్రేలో రెండు కప్పులు వచ్చాయి, పొగలు కక్కుతూ. రెండు కప్పులు. వాడు చూసేశాడు, దగ్గర కూర్చుని తాగించి బుజ్జగిస్తున్నాడు, అలాగే చేస్తారు, తనవాడూ అలాగే చేసేవాడు అనుకుంది. మళ్ళీ బూట్లు. మళ్ళీ టక్ టక్ టక్. ఆమె మాత్రం ఏం చెయ్యగలదు, గొంతు విప్పి పంపుతూనే ఉంది.

తర్వాత ఒకరోజు ఏమీ రాలేదు. మర్నాడు రాలేదు. పంపిన రాగాలు వినలేదని తెలిపే గుర్తు పక్కన అలాగే బూడిదరంగులో ఉండిపోయింది. కొత్త ఎండలు వచ్చి ముదిరాయి, ఆఫీసులో ఏసీలు చెడిపోయినవాళ్ళ తిట్లు మొదలయ్యాయి. ఆ సందట్లో, భోజనాల వేళ, ఫోనులో ఫొటో పడింది. నల్లబూట్లు. బతికే ఉందమ్మా అనుకోబోయింది, అనుకోలేకపోయింది. బూట్లు పైనుంచి కనిపిస్తున్నాయి. లోపలి అరుగుదలా, మడమ దగ్గర చిరుగూ, అన్నీ, బావిలోకి వంగి చూసినట్టు. ఎవరో నిలబడి తీశారు. చెయ్యి మారింది. చేతిరాత మారితే తెలిసినట్టు తెలిసిపోయింది, కిటికీ కాదిది, బూట్లవాడు. ఫోన్ వాడి చేతిలో ఉంది. అన్నం కంచంలోనే వదిలేసి బాత్రూంలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది, ఎక్కడో ఉన్నవాడు ఫోనులోంచి దిగి వస్తాడన్నట్టు. అప్పుడు మాటలు వచ్చాయి. ఇన్నేళ్ళలో మొదటి మాటలు, కడిగిన నేల మీద మట్టికాళ్ళ గుర్తుల్లా. ఈ ఫోను మా ఆవిడది. ఆవిడ పోయింది. గొంతు ఆపరేషన్ అయినప్పట్నించీ మాట లేదు. మీరెవరో నాకు తెలీదు. ఒక్కసారి రాగలరా. కింద ఇంటి అడ్రసు. ఆడమనిషే, మాట లేనిది, ఇప్పుడు లేదు. మూడూ ఒక్కసారే తెలిశాయి. పేరు మాత్రం అతను రాయలేదు, ఆమె అడగలేదు.

పిన్నికి చూపిస్తే, "చావు కబురు తెలిస్తే పిలవకపోయినా వెళ్తారు. పిలిస్తే మానేస్తామా? భయం వేస్తే భయపడుతూనే వెళ్ళు" అంది. నేనూ రానా అని మాత్రం రెండుసార్లు అడిగింది.

భయపడుతూనే వచ్చింది. వైద్యుడి ఇంట్లో వాళ్ళే రోగిష్టివాళ్ళన్నట్టు, లిఫ్టు మెకానిక్కు ఉండే మేడలో లిఫ్టు పనిచెయ్యదు, అంతస్తులన్నీ నడిచి ఎక్కింది. తలుపు తీసినవాడు పొట్టిగా, జుట్టు పలచబడి, చొక్కా గుండీ ఒకటి పై బెజ్జంలో ఒకటి కింద బెజ్జంలో పెట్టుకుని ఉన్నాడు. అలాంటివాడు కొడతాడా? కొట్టేవాడికి ముఖం మీద రాసి ఉంటుందా, తన మొగుణ్ణి చూసినవాళ్ళంతా బంగారం అనేవాళ్ళు. పాలకు వెళ్ళినవాడు తిరిగొచ్చేలోపు ఇప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు చేరవేసే ఉంది, గడియ లేదు. వెళ్ళిపో అని తను చెప్పిన గదిలోంచి తనే వెళ్ళిపోవడం. ఎందుకు పిలిచాడు? సూట్‌కేసు సంగతి తేల్చుకోవడానికా? చెవులు మెట్ల మీదే పెట్టుకుని కూర్చుంది. ఇనప రేకు బూట్లు, అన్ని మెట్లు, దొంగతనంగా రాలేడు, మొదటి చప్పుడు వినగానే లేచి నిలబడాలి, మంచం మీద కూర్చోకూడదు. పై ఇంట్లో ఎవరో పిల్లాడు ఎక్కాలు వల్లిస్తున్నాడు, ఏడుల దగ్గర తప్పి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. ఎక్కడో కుళాయి కట్టేశారు. కింద కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది. మెట్ల మీద ఏ అలికిడీ లేదు. మంచం పక్క చిన్న బల్ల ఉంది, దాని మీద బొమ్మ కీబోర్డు, పక్కన చెక్క మీద ఒకచోట రంగు పోయి తెల్లబడింది. వేళ్ళు ఆనించి చూసింది, రెండు వేళ్ళు, సరిగ్గా ఆ చోట. టక్ అని కొట్టబోయి ఆగింది.

"పంచదార ఎంత వెయ్యమంటారు?"

అరిచింది. అరిచానని తర్వాత తెలిసింది. అతను వెనకే ఉన్నాడు, మంచానికి మూరెడు దూరంలో, ఒక చేతిలో పాల ప్యాకెట్టు, ఇంకో చేతిలో బూట్ల జత, వట్టి కాళ్ళు. తలుపు తీసిన చప్పుడు లేదు, అడుగు పడిన చప్పుడు లేదు, గాలి లోపలికి వచ్చినట్టు వచ్చాడు.

"అయ్యయ్యో, భయపెట్టానా? అలవాటైపోయిందండీ," అని బూట్లు తీసుకెళ్ళి గుమ్మం పక్క మూలలో, ఒకదానికొకటి ఆనించి, చప్పుడు కాకుండా పెట్టాడు. ఫొటోలో ఉన్నట్టే. "కిందే విప్పేసి చేత్తో పట్టుకొస్తాను. ఆపరేషన్ అయిన కొత్తలో ఆవిడకి నిద్ర పట్టేది కాదు, పట్టినప్పుడు లేపొద్దన్నారు డాక్టరుగారు. అలా మొదలైంది."

ఆమె మంచం అంచునే ఉండిపోయి అతని వట్టి కాళ్ళ వైపు చూసింది. అతను కాఫీ కలిపి తెచ్చాడు, అదే ట్రే, కప్పులు మాత్రం మూడు తెచ్చి, చూసుకుని, ఒకటి వెనక్కి తీసుకెళ్ళాడు. కుర్చీలో కూర్చుని కప్పులోకి చూస్తూ మాట్లాడాడు, మాటలు వాడి చాలా కాలమైనవాడిలా ఒక్కొక్కటీ తుడిచి పెడుతున్నట్టు. మా ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరండీ, గలగల అని పేరు, బళ్ళో పిల్లలు కూడా గలగల టీచరు అనేవాళ్ళు. నిద్రలో కూడా మాట్లాడేది. నేనే మొద్దుని, ఊఁ కొట్టడం తప్ప రాదు. ఇంట్లో మాటంతా ఆవిడదే. "గొంతు పోయాక, ఇంక ఆవిడ ముందు నేనేం మాట్లాడతానండీ? కుంటివాడి ముందు గెంతినట్టుండదూ? నేనూ మానేశాను. సైగలే. అన్నం, మందు, పడుకుంటావా, అంతే. ఆవిడకి తోడుగా ఉన్నట్టుంటుందనుకున్నా."

పై ఇంటి పిల్లాడు ఏడుల ఎక్కం దాటేశాడు.

"ఒకరోజు బూట్లు పట్టుకుని అలాగే వచ్చానండీ. తలుపు బయట ఉన్నాను. లోపల ఆడమనిషి కూనిరాగం తీస్తోంది." అతను తలుపు వైపు చూశాడు. "ఆవిడే అనుకున్నా. గొంతొచ్చేసిందనుకున్నా. తలుపు తీస్తే ఆగిపోతుందేమోనని తియ్యలేదు. తర్వాత తెలిసింది ఫోనులోదని, తెలిసినా... రోజూ అక్కడే నించునేవాణ్ణి. అది అయ్యేదాకా. మీరు ఆలస్యంగా పంపిన రోజు నేనూ కింద ఆలస్యం చేసేవాణ్ణి. ఆవిడకి తెలీదు. గోడకివతల ఆవిడ, అవతల నేను."

ఆమె కప్పు కింద పెట్టేసింది. రోజూ ఆఫీసు వెనక మెట్ల మీద ఒంటరిగా నిలబడి ఒక్కరికి అని పాడింది ఇద్దరు విన్నారు, ఇద్దరి మధ్యా తలుపు వేసి ఉంది, ఆ తలుపు వేసింది తన గొంతే. నిద్ర చెడకూడదని మానేసిన చప్పుడు, ఆ రాగం వినడానికే కదా అతను మళ్ళీ మొదలుపెట్టలేదు. మంచం మీద మనిషి రాగం అయిపోగానే తల తిప్పి చూసేది, బూట్లు వచ్చేసి ఉండేవి. ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఎక్కిన మెట్టు వినిపించలేదు, తలుపు వినిపించలేదు. దయ్యంలా వచ్చి దయ్యంలా కూర్చునే మొగుడు, మాట లేదు, అడుగు లేదు, గలగలమనే మనిషి ఇంట్లో గరిట చప్పుడు కూడా లేదు. అప్పుడు ఫోన్ ఎత్తి బూట్లు చూపించి, చెక్క మీద రెండు వేళ్ళతో, దూరం నుంచి దగ్గరికి, టక్, టక్, టక్. ఇలా నడిచి రావచ్చు కదా. భయం కాదు. తను చదివింది తన భయాన్ని. తన గుమ్మం దగ్గరి చెప్పుల్ని ఈ గుమ్మం దగ్గర పెట్టుకుని చదివింది.

"ఒకటి అడగనా," అన్నాడు అతను. "మీరు సూట్‌కేసు ఫొటో పంపారు చూడండి, తలుపు తీసి. కొన్నాళ్ళకి నాకు చూపించి నవ్విందండీ. నవ్వితే చప్పుడుండేది కాదుగానీ మంచం ఊగేది. ఊరెళ్దాం అంటున్నావా అని సైగ చేశాను. తలూపింది. ఒంట్లో బాగయ్యాక వెళ్దాంలే అని చెయ్యి ఊపాను. అప్పుడే కాఫీ పెట్టమని సైగ చేసి రెండు కప్పులూ ఫొటో తీసింది. ఊరెళ్ళమనేగా మీరన్నది?"

అతను తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. రోజుకు వందమందికి చింతిస్తున్నామని చెప్పే నోరు ఈసారి వేరే మాట వెతుక్కుంది.

"అవునండీ," అంది. "కొంచెం గాలి మారితే బాగుంటుందని."

"అదే, అదే అనుకున్నా." అతని భుజాలు కిందికి దిగాయి. కాసేపు బాతు మరక వైపు చూశాడు. తర్వాత అడగలేక అడుగుతున్నట్టు, నేల చూస్తూ, "మిమ్మల్ని పిలిచింది అందుకు కాదండీ. ఏమనుకోకండి. ఆ రాగం. ఒక్కసారి. ఫోనులో పాతది వింటుంటే రోజూ ఒకేలా ఉంటుంది. మీరిక్కడ కూర్చుని తీస్తే, నేను బయట నించుంటాను. తలుపు వేసుకుని," అన్నాడు.

అప్పుడు నిజంగా భయం వేసింది, ఇందాకటిది భయం కాదనిపించేంత. అతని ముఖంలో చెడు ఏమీ లేదు, ఆశ ఉంది, నీళ్ళ కోసం చెయ్యి చాచినట్టు. గుంటపడిన దిండు, పక్కన ఖాళీ చోటు, అందులో తను. ఒక్కసారి తీస్తే రేపు కూడా పిలుస్తాడు, వస్తుంది కూడా, తనకు తెలుసు, తనకూ ఆ కిటికీ తప్ప ఎవరున్నారు. గొంతు తన ప్రమేయం లేకుండా లోపల ఎక్కడో మొదటి మెట్టు ఎక్కింది కూడా. మంచం మీంచి లేచి నిలబడింది. గది మళ్ళీ చిన్నదైపోయింది.

"అది మీ ఆవిడ గొంతు కాదండీ. నాది," అంది. తన ఫోన్ తీసి, వెనక్కి వెళ్ళి వెళ్ళి, బూట్ల ఫొటో ఒకటి చూపించి, దాని కింది చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఆ తర్వాత రోజుది. ఆ తర్వాత రోజుది. చిన్న గదిలో ఎవరో నడుస్తున్నట్టే ఉంది, దూరం నుంచి దగ్గరికి, మంచం దాకా వచ్చి ఆగుతున్నట్టు. "ఇది మీ ఆవిడది. మీ బూట్ల చప్పుడు. ఇవన్నీ నాకు పంపింది కానీ నాకు కాదు. మీరు నడిచొస్తుంటే వినాలని, మీరేదైనా మాట్లాడితే వినాలని. పోయింది ఆవిడ గొంతండీ, చెవులు కాదు."

అనేశాక అనకుండా ఉండాల్సిందా అనుకుంది. అతని ముఖం మీద ఎండ పడి, జరిగి, చెవి దగ్గరికి పోయింది. ఏడుస్తాడనుకుంది, ఏడవలేదు. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది. ఫోన్ ఆగిపోయి తెర నల్లబడింది.

"ఇవాళ," అన్నాడు చివరికి. "పొద్దున ఒక ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిందండీ. లోపల ఒక లావుపాటి వకీలుగారు ఇరుక్కున్నారు. భయమేస్తే కొందరు అరుస్తారు, కొందరు ఏడుస్తారు. ఈయన పాడ్డం మొదలెట్టాడు. నేను పైనుంచి తాళ్ళు సరిచేస్తుంటే కింద ఒకటే గార్దభ సంగీతం." ఆమె వైపు చూసే చెబుతున్నాడు, కానీ చెబుతూ చెబుతూ చూపు కొంచెం పక్కకు జరిగింది, దిండు మీదికి. "తలుపు తీస్తే బయటికి రాడే! చరణం పూర్తవ్వాలట. నమ్మవుగానీ నిజం, ఒట్టు. పోయినేడాది ఆ ఆసుపత్రిలో ఒకడున్నాడు చూడు, వాడి సంగతి నీకు చెప్పలేదు కదూ, అదింకా..."

అతని మాటల్లో అండీ పోయింది. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. వెళ్ళొస్తానన్నది అతను విన్నాడో లేదో, చెయ్యి మాత్రం గాల్లో ఊపాడు, కథ మధ్యలో ఎవరో వచ్చి వెళ్తే ఊపినట్టు. తలుపు చేరవేసి మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు ఇన్ని మెట్లున్నాయా? వెనక అతని గొంతు వస్తూనే ఉంది, మాటలు తెలియడం లేదు, నడక మాత్రం తెలుస్తోంది, పరుగెత్తుతోంది, తడబడుతోంది, ఎన్నాళ్ళో కట్టేసిన కుళాయి విప్పితే ముందు గాలీ తర్వాత తుప్పునీళ్ళూ వచ్చినట్టు. మంచిపని చేశానా పిన్నీ? పిన్ని ఏమంటుందో తెలుసు, నీకెందుకే తల్లీ అంటుంది. కిటికీ అయితే ఏం పంపేది? ఇంక ఏమీ పంపదు. ఆ బూడిదరంగు గుర్తు పక్కన తన రాగాలు అలాగే ఉంటాయి, వినేవాళ్ళు లేక. ఒక మలుపు తిరిగింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది, ఎందుకు నిలబడిందో తెలియదు.

పైన అతను ఆగాడు. కథ చెప్పేవాడు ఊఁ కోసం ఆగినట్టు, కాసేపే. మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ ఆగాడు, ఈసారి ఇంకొంచెంసేపు. ఆ మౌనంలో పై ఇంటి పిల్లాడి ఎక్కాలు లేవు, కుక్క లేదు, మేడంతా చెవి అయినట్టుంది. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

అతను నవ్వాడు. గట్టిగా, కడుపులోంచి, ఎవరో మంచి మాట విసిరినప్పుడు నవ్వే నవ్వు.

"అదేగా నేనూ అంటున్నది!" అన్నాడు.